మనుషులుండని దీవి, నిండా పిట్టలూ తాబేళ్ళూ: నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పటమట_ప్రసాద్
పండగ సెలవుల్లో అండమాన్ వెళ్ళొచ్చాం. బానే ఉంది, కాదనను. కానీ హేవ్‌లాక్‌లో దిగేసరికి సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్‌లో నిలబడ్డట్టుంది. బీచ్‌లో పాపం ఒక పీత బయటికొస్తే దాని చుట్టూ ఫోన్లు పట్టుకుని జనం. అది మళ్ళీ బొరియలోకి పోయింది, మేం హోటల్‌కి పోయాం.

నాక్కావాల్సింది వేరు. ఎవరూ కాపరం ఉండని దీవి. హోటళ్ళూ, స్కూటర్ బోట్లూ ఉండకూడదు. పిట్టలు, తాబేళ్ళు ఉండాలి, మనల్ని చూసి పారిపోకూడదు. చలి దేశాలు వద్దు, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకు ఈత రాదు. రిటైర్మెంట్ దగ్గర పడింది, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే ఒక్కసారి చూడాలని.

యూట్యూబ్‌లో "ఎవరూ వెళ్ళని దీవి" అని పెడతారు, వెనక ఇంకో నాలుగు పడవలు కనపడుతుంటాయి. అందుకే ఇక్కడ అడుగుతున్నా. బడ్జెట్ సంగతి తర్వాత, అసలు అలాంటిది ఉందా, మనలాంటివాళ్ళని రానిస్తారా?

బీసెంటురోడ్_బుజ్జి
భవానీ ద్వీపం. పున్నమి ఘాట్‌లో పడవెక్కండి. ఆఖరి పడవ వెళ్ళిపోయాక చెట్టెనక దాక్కోండి, తెల్లారేదాకా మీదే.

అరండల్‌పేట_అను
2024 సెప్టెంబర్‌లో అది నిజంగానే మనుషుల్లేని దీవి అయింది బుజ్జీ. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినరోజు దీవే కనపడలా.

సింగ్‌నగర్_సీను
ఆ వారం మా వీధి కూడా దీవే. పాల ప్యాకెట్ డ్రోన్‌లో వచ్చింది. దాని మీద జోకులొద్దులే.

అరండల్‌పేట_అను
సారీ సీనూ. అలా అనలేదు.

పిట్టలబాబు_గుంటూరు
ప్రసాద్ గారూ, మీరు అడిగిన దీవులు మన దేశంలోనే ఉన్నాయి. అసలు చిక్కు ఏంటంటే, దిగనివ్వరు.

మీరు వెళ్ళొచ్చిన అండమాన్‌లోనే నార్కొండం అని ఒకటుంది. ఉత్తర అండమాన్‌కి తూర్పుగా సముద్రం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ కొండ, 710 మీటర్ల ఎత్తు. మొత్తం విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లు కూడా ఉంటుందో లేదో. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని హార్న్‌బిల్ (పెద్ద ముక్కు పిట్ట) ఒకటి ఆ కొండ మీదే బతుకుతోంది. మగదానికి తల, మెడ ఇటుక రంగు, ఆడది మొత్తం నలుపు. గుడ్లు పెట్టేటప్పుడు ఆడపిట్ట చెట్టు తొర్రలోకి పోయి వాకిలి మూసేసుకుంటుంది, చిన్న సందు మాత్రం వదులుతుంది. మగది పళ్ళు తెచ్చి ఆ సందులోంచి పెడుతుంది. మొత్తం జాతి అంతా కలిపితే వెయ్యి పిట్టల దగ్గర.

1977లోనే దాన్ని అభయారణ్యం చేశారు. 1969 నుంచి ఒక పోలీసు ఔట్‌పోస్టు ఉంది, దేశం హద్దు కదా. ఆ పోలీసుల కూరకని తెచ్చిన మేకలు అడవిలో పడి లేత మొక్కలన్నీ మేసేశాయి. పండ్ల చెట్లు ఎదగకపోతే హార్న్‌బిల్‌కి తిండేదీ? వాటిని ఏరి తీసెయ్యడానికి ఏళ్ళు పట్టింది. కోస్ట్‌గార్డ్ రాడార్ పెడతామంటే 2012లో పర్యావరణ శాఖ కాదంది, తర్వాత 2014లో మళ్ళీ ఔననేసింది. టూరిస్టుకి మాత్రం అక్కడ పని లేదు.

రెండోది బ్యారెన్ ఐలాండ్. పోర్ట్ బ్లెయిర్ నుంచి 135 కిలోమీటర్లు అటుఇటుగా. దేశంలో ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం అదొక్కటే, 2025 సెప్టెంబర్‌లో కూడా పొగా నిప్పూ కక్కింది. పడవలోంచి చూడొచ్చు, అదీ పర్మిషన్ మీద. కాలు పెట్టకూడదు. ఎప్పుడో ఓడలవాళ్ళు వదిలేసిన మేకలు అక్కడా ఉన్నాయి. మనిషి లేని చోట కూడా మనిషి మేకలు ఉంటాయన్నమాట.

పటమట_ప్రసాద్
మా బావమరిది తోడల్లుడు కోస్ట్‌గార్డ్‌లో ఉన్నాడు. ఏమన్నా పనవుద్దా?

పిట్టలబాబు_గుంటూరు
అవ్వదండీ. పరిశోధన చేసేవాళ్ళే కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరుగుతారు. ఆయన ఉద్యోగం ఆయన్ని చేసుకోనివ్వండి.

విజ్జీ_కుర్రోడు
నార్త్ సెంటినెల్ బ్రో. సూపర్ ఉంటది.

నిర్వాహకుడు_2
@విజ్జీ_కుర్రోడు అది మనుషులున్న దీవి. వాళ్ళకి మనం అక్కర్లేదు, మన జలుబు కూడా వాళ్ళని చంపెయ్యగలదు. వెళ్ళడం చట్టరీత్యా నేరం. 2018లో వెళ్ళిన అమెరికా కుర్రాడు తిరిగి రాలేదు, 2025లో ఇంకొకడు వెళ్ళి జైలుపాలయ్యాడు. ఇంకోసారి ఈ సలహా కనపడితే పోస్టు తీసేస్తాం.

విజ్జీ_కుర్రోడు
ఓకే ఓకే. ఊరికే అన్నా.

ఓడ_ఇంజినీర్
మాది తెనాలి, నేను మర్చంట్ నేవీలో. మొజాంబిక్ ఛానల్ వైపు వెళ్ళే రూటులో ఆల్డాబ్రా అని ఒక పగడపు దీవి తగులుతుంది. సీషెల్స్ వాళ్ళది. రాజధాని ఉన్న మాహే దీవికి 1,100 కిలోమీటర్ల పైన నైరుతి దిక్కున. మేం దూరంగానే పోతాం, కానీ ఒక మధ్యాహ్నం మా బోసన్ (డెక్ పనివాళ్ళ పెద్ద) పిలిచి చూపించాడు: దీవి ఇంకా కనపడట్లేదు, దాని మీద మబ్బుల అడుగు మాత్రం లేత ఆకుపచ్చగా ఉంది. లోపల ఉన్న ఉప్పుచెరువు రంగు మబ్బు మీద పడుతుందట. పాత నావికులు దాన్ని బట్టే గుర్తుపట్టేవాళ్ళు.

ఆ పిచ్చితో తర్వాత దాని గురించి దొరికిందల్లా చదివా. అక్కడ రాక్షసి తాబేళ్ళు లక్ష దాకా ఉన్నాయి. ఊరు లేదు, విమానం దిగే చోటు లేదు. ఉండేది పరిశోధనా కేంద్రంలో పనిచేసే కొద్దిమంది. 1960ల్లో బ్రిటిష్‌వాళ్ళు సైన్యానికి విమానాశ్రయం కట్టబోతే శాస్త్రవేత్తలు గోల పెట్టి ఆపించారు. 1982లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఎగరలేని పిట్ట ఒకటుంది, తెల్లగొంతు రెయిల్ అని. హిందూ మహాసముద్రపు దీవుల్లో ఎగరడం మానేసిన పిట్టల్లో డోడోతో సహా అన్నీ పోయాయి, ఇదొక్కటే మిగిలింది. కొబ్బరికాయ ఒలిచి తినే పీత కూడా ఉంది, నాలుగు కిలోల దాకా తూగుతుంది. దొరికిన వస్తువల్లా ఈడ్చుకుపోతుంది కాబట్టి దాన్ని దొంగ పీత అంటారు.

రానిస్తారా అంటే, రానిస్తారు, కానీ పెద్ద పడవలోనే వెళ్ళాలి, రాత్రి పడవలోనే పడుకోవాలి, వాళ్ళ మనిషి వెంట ఉంటేనే దిగాలి. ఆగ్నేయపు గాలి లేని నెలల్లోనే.

మంగళగిరి_మాస్టారు
దీనికోసం అంత దూరం ఎందుకు నాయనా. ఆ తాబేలు హైదరాబాద్ జూపార్కులో ఉండేదిగా. నేను పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా చూశాం.

పిట్టలబాబు_గుంటూరు
అది గలాపగోస్ తాబేలు మాస్టారూ. వేరే మహాసముద్రం. 2024లో పోయింది, 125 ఏళ్ళన్నారు. ఆల్డాబ్రాది కలకత్తా జూలో ఉండేది, అద్వైత అని పేరు, 2006లో పోయింది. రాబర్ట్ క్లైవ్ దగ్గర పెరిగిందని చెప్పుకుంటారు.

మంగళగిరి_మాస్టారు
క్లైవ్ పోయాడు, కంపెనీ పోయింది, తాబేలు మాత్రం 2006 దాకా ఉంది. సంతోషం.

బీసెంటురోడ్_బుజ్జి
దానికి పెన్షన్ ఎవరిచ్చారో.

పటమట_ప్రసాద్
ఇంజినీర్ గారూ, ఆల్డాబ్రాకి ఖర్చెంతవుద్ది? ఇప్పుడు బడ్జెట్ సంగతికి వద్దాం.

ఓడ_ఇంజినీర్
ప్రసాద్ గారూ, మీరు పటమటలో ఫ్లాట్ అమ్మే ఆలోచనలో ఉంటే చెప్పండి, అప్పుడు మాట్లాడదాం. హాస్యం కాదు, చిన్న ఓడ మొత్తం బాడుగకి తీసుకున్నట్టే.

కొత్తపేట_కిషోర్
పుట్టింది గుంటూరు కొత్తపేట, ఉంటోంది కాలిఫోర్నియా. స్కూబా పిచ్చి. కోస్టారికా వాళ్ళ కోకోస్ దీవికి వెళ్ళా. ఇది పసిఫిక్‌లో, తీరానికి 550 కిలోమీటర్లు. పుంటరేనాస్ అనే రేవులో ఎక్కితే ఒకటిన్నర రోజు పడవలోనే. నాతో ఎక్కినవాళ్ళలో సగంమంది మొదటి రాత్రి భోజనానికి రాలా.

దీవిలో రేంజర్లు తప్ప ఎవరూ ఉండరు. 1978లో నేషనల్ పార్క్ చేశారు, 1997లో యునెస్కో. మనం పడుకోడానికి వీల్లేదు, పడవలోనే. వాన అంటే వాన అది. ఏడాదికి ఏడు మీటర్ల వాన పడుతుంది, బెజవాడలో మీటరు పడితేనే రోడ్లు కాలవలవుతాయి. కొండ మీంచి ఎటు చూసినా జలపాతాలు సముద్రంలోకి దూకుతుంటాయి. పిట్టల్లో మూడు రకాలు ఆ దీవివే, ఇంకెక్కడా ఉండవు. అందులో ఒక కోకిల జాతి కూడా ఉంది. ఫించ్ పిట్ట మా బూట్ల దగ్గరికొచ్చి గెంతింది, భయమన్న మాటే లేదు.

కానీ అసలు సరుకు నీళ్ళ కింద. సుత్తి తల సొరచేపలు వందల్లో. తల పైకెత్తి చూస్తే వెలుగు కనపడదు, వాటి పొట్టలే కనపడతాయి. ఈత రానివాళ్ళకి ఈ దీవి చెప్పను. సొరచేపలు గుంపులు కట్టేది వానాకాలంలో, అప్పుడే సముద్రం కూడా గరంగా ఉంటుంది.

అరండల్‌పేట_అను
కోకోస్ అంటే సముద్రపు దొంగలు నిధి దాచారంటారు, అదేనా?

కొత్తపేట_కిషోర్
అదే. గిస్లర్ అని ఒక జర్మన్ 1889 నుంచి 1908 దాకా అక్కడే ఉండి తవ్వాడు. చేతికొచ్చింది కాసిని నాణేలే. ఇప్పుడు తవ్వకం నిషేధం. చాతమ్ బే అని ఒక చోట పాత ఓడలవాళ్ళు బండల మీద చెక్కిన పేర్లు, తేదీలు ఉన్నాయి. మనోళ్ళు కొండపల్లి కోటలో రాసే "రాజు లవ్ రాణి" లాంటివే, కాకపోతే వందేళ్ళు దాటాయి కాబట్టి చరిత్ర అయింది.

చిలకలూరిపేట_చలపతి
ఒక్కొక్కడూ లక్షలు తగలేసే సలహాలు. ఉప్పలపాడు వెళ్ళండయ్యా. గుంటూరు నుంచి ఆటోలో పోవచ్చు. చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కొమ్మ కనపడకుండా కూర్చుంటాయి. పొద్దున్నే వెళ్ళి టిఫిన్ టైముకి ఇంటికి రావచ్చు. పాస్‌పోర్టు అక్కర్లా.

పటమట_ప్రసాద్
ఉప్పలపాడు చూశానండీ చలపతి గారూ, చాలాసార్లు. నేనడిగింది మనుషుల్లేని చోటు.

చిలకలూరిపేట_చలపతి
మనుషులుంటే ఏమైంది? ఊరంతా చుట్టూ ఉన్నా ఆ పిట్టలు సైబీరియా నుంచీ ఎక్కడి నుంచో వచ్చి అక్కడే గూడు కడుతున్నాయిగా. మనుషులు లేకపోవడం గొప్పా, మనుషులున్నా రాయి విసరకపోవడం గొప్పా?

పిట్టలబాబు_గుంటూరు
చలపతి గారి మాట సగం ఒప్పుకుంటా. గూడు కట్టే గూడబాతులూ కొంగలూ సైబీరియావి కావు, మన దేశపువే. చలికాలంలో పైనుంచి వచ్చేవి బాతులు, అవి ఇక్కడ పిల్లల్ని చెయ్యవు. కానీ ఊరివాళ్ళు వాటిని కాపాడుకున్న మాట నిజం, దాన్ని తక్కువ చెయ్యకూడదు.

ఒప్పుకోనిది ఏంటంటే, సముద్రపు దీవి పిట్ట సంగతి వేరు. చెరువు మధ్య తుమ్మచెట్టు మీద కొంగకి పిల్లి, పాము, కాకి అన్నీ తెలుసు. లక్షల ఏళ్ళు ఎలుకన్నది ఎరగని దీవిలో పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది. ఎలుక వచ్చి గుడ్డు తింటుంటే పక్కకి జరగడం కూడా దానికి రాదు. మారిషస్‌లో డోడో పోయింది అలాగే. మనుషులు తిన్నది కొంత, మనుషులతో దిగిన ఎలుకలు, పందులు, కోతులు తిన్నది చాలా.

దివిసీమ_రాంబాబు
మనోళ్ళకి పక్కనున్నది కనపడదు. నాగాయలంక నుంచి పడవలో కృష్ణ మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి రండి. 194 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. మడ అడవి, నీటిపిల్లి, మొసలి ఎరగను గానీ నక్కలున్నాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఫారెస్టోళ్ళు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలొచ్చాక సముద్రంలో వదులుతారు. ముందుగా ఫారెస్టోళ్ళని అడిగి రండి, ఊరికే టార్చిలైట్లు వేసుకుని రాకండి. లైటు చూస్తే తాబేలు వెనక్కి పోద్ది.

బీసెంటురోడ్_బుజ్జి
ఎదురుమొండి కూడా దీవే కదా రాంబాబన్నా?

దివిసీమ_రాంబాబు
దీవే, కానీ జనం ఉన్నారు. మా చుట్టాలున్నారు. ప్రసాద్ గారికి జనం వద్దంట.

పటమట_ప్రసాద్
మీ చుట్టాల మీద నాకేం కోపం లేదు రాంబాబు గారూ 😀 ఫిబ్రవరిలో తప్పకుండా వస్తా. కానీ ఇది కూడా ఉంచుకుని అది కూడా చూద్దామని.

లక్ష్మి_బ్రాడీపేట
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. ప్రసాద్ గారు అడిగినదానికి సరిపోయేది ఒకటి చెప్తా. నేను వెళ్ళొచ్చా. అమ్మాయి దుబాయ్‌లో ఉంటుంది, తనూ నేనూ సీషెల్స్ వెళ్ళాం. ఆల్డాబ్రా కాదు. కజిన్ అని చిన్న దీవి, ప్రాలిన్ దీవి పక్కనే. ముప్ఫై హెక్టార్లు కూడా ఉండదు. కాపలా ఉండేవాళ్ళు తప్ప ఇళ్ళు లేవు, కొట్లు లేవు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చెయ్యాలి, శని ఆదివారాలు రానివ్వరు.

మనవాళ్ళకి సీషెల్స్‌కి వీసా గొడవ లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలంతే. మాహేలో దిగి, గంటసేపు పెద్ద పడవలో ప్రాలిన్. అక్కడి నుంచి టూరు పడవ. ఆ పడవ దీవికి వెళ్ళదు, కొంచెం దూరంలో నీళ్ళలో ఆగిపోతుంది. దీవిలోవాళ్ళు తమ రబ్బరు పడవ తెచ్చి మనల్ని అందులోకి ఎక్కించుకుంటారు. ఎందుకంటే, బయటి పడవ ఒడ్డుకి తగిలితే అందులో ఎలుక ఉండొచ్చుగా. అక్కడ ఇప్పటిదాకా ఎలుకలు లేవు, ఆ దీవి బతుకంతా దానిమీదే. ఒడ్డు దగ్గరికొచ్చాక "గట్టిగా పట్టుకోండి" అని అరిచి ఇంజన్ ఒక్కసారి పెంచి ఇసక మీదికి ఎక్కించేస్తారు. నేను అమ్మాయి చెయ్యి విరిచినంత పని చేశా. తిరిగొచ్చేటప్పుడు మోకాళ్ళ దాకా తడుస్తాం. లైఫ్ జాకెట్ ఇస్తారు, ఈత రాకపోయినా పర్లేదు.

లోపలికి నడిస్తే... చెట్టు మొదట్లో తెల్లటి పిట్ట, పొడుగు తోక, నేల మీద కూర్చుని ఉంది. అడుగు దూరంలోంచి వెళ్ళాం. కదల్లా. మమ్మల్ని ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. ఇంకో తెల్లపిట్ట ఉంది, అది గూడే కట్టదు. ఉత్త కొమ్మ మీద గుంటలా ఉన్న చోట ఒక్క గుడ్డు పెట్టి దానిమీద కూర్చుంటుంది. పిల్ల పుట్టాక ఆ కొమ్మనే పట్టుకుని గాలికి ఊగుతూ ఉంటుంది. మా గైడ్ తలెత్తి చూపించేదాకా మేం దానికిందే నిలబడి ఉన్నామని తెలీదు. బల్లుల జాతి స్కింక్‌లు లెక్కలేనన్ని, కాళ్ళ మీదుగా పరిగెడతాయి. చెప్పుకోవాల్సింది వాసన, పిట్టల రెట్ట వాసన. వీడియోల్లో అది రాదు కాబట్టి చెప్తున్నా, మొదటి పావుగంట ముక్కు మూసుకోవాల్సిందే.

ఆ దీవి ఒకప్పుడు మొత్తం కొబ్బరితోట. కొబ్బరికోసం అసలు చెట్లన్నీ కొట్టేశారు. సీషెల్స్ వార్బ్లర్ అని పిచ్చుకంత పిట్ట, ప్రపంచం మొత్తంలో ముప్ఫై లోపు మిగిలింది, అన్నీ ఆ తోటలోనే. 1968లో పక్షుల సంస్థవాళ్ళు దీవినే కొనేశారు. కొబ్బరి మొక్కలు పెరగనివ్వకుండా పాత అడవిని రానిచ్చారు. తర్వాత 1988లో కొన్ని పిట్టల్ని ఇంకో దీవికి మార్చారు, అలా నాలుగైదు చోట్ల పెంచారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మా గైడ్ ఆ కుర్రాడు ఇది చెప్తుంటే తలమీదే కూసింది ఒకటి. చూడ్డానికి ఏమీ బాగోదు పాపం, మట్టిరంగు.

రాక్షసి తాబేళ్ళున్నాయి, మెడ కింద గోకితే మెడ చాచి నిలబడతాయి. అంతకంటే ముట్టుకోనివ్వరు.

పటమట_ప్రసాద్
లక్ష్మి గారూ, ఇదేనండీ నేనడిగింది. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

సత్యనారాయణపురం_శైలు
అక్కా ఏ నెలలో వెళ్ళాలి? పిల్లలకి వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచే.

లక్ష్మి_బ్రాడీపేట
ఏం చూడాలన్నదాన్ని బట్టి శైలూ. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయపు గాలి, సముద్రం ఎగిరెగిరి పడుతుంది, కానీ చెట్ల నిండా నాడీ అనే నల్లటి సముద్రపు పిట్టల గూళ్ళు అప్పుడే. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి అయితే హాక్స్‌బిల్ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. మన రిడ్లేల్లా రాత్రి కాదు, సీషెల్స్‌లో ఇవి పట్టపగలే వస్తాయి. మేం అలా ఒకదాన్ని చూశాం, అందరం ఇసకలో కూర్చుని ఊపిరి బిగపట్టాం. ఏప్రిల్‌లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తాబేలు దొరక్కపోవచ్చు.

వేమూరి_వెంకట్
ఆవకాయ తీసుకెళ్ళొచ్చా? తిండి సంగతి ఎవరూ చెప్పలా.

లక్ష్మి_బ్రాడీపేట
హోటల్ గదికి పొడులు, సీల్ చేసిన పచ్చళ్ళు తీసుకెళ్ళాం, ఎయిర్‌పోర్టులో అడిగితే చూపించాం. పళ్ళు, మొక్కలు, గింజలు వద్దు. దీవికి మాత్రం తిండే తేవద్దన్నారు. ఎక్కేముందు బూట్ల అడుగు, బ్యాగు అరలు చూశారు, గింజలూ మట్టీ ఉన్నాయేమోనని. మా బ్యాగు అడుగున మెంతిగింజలు నాలుగు దొరికాయి, ఎప్పటివో. అమ్మాయి నావైపు చూసిన చూపు...

బీసెంటురోడ్_బుజ్జి
లేకపోతే వచ్చే ఏడు అక్కడ మెంతికూర పప్పు.

అరండల్‌పేట_అను
నాదొక సందేహం. ఇంతమంది చెప్తున్నది చూస్తే, మనం వెళ్ళకపోవడమే ఆ దీవులకి మంచిదనిపిస్తోంది. మెంతిగింజ, ఎలుక, మేక. ప్రసాద్ గారు అసలు ఎందుకెళ్ళాలి? చూడకుండా బతకలేమా?

చిలకలూరిపేట_చలపతి
నేను మొదటి నుంచీ అదేగా అంటోంది.

అరండల్‌పేట_అను
మీరన్నది డబ్బు దండగని. నేనంటున్నది వేరు.

పిట్టలబాబు_గుంటూరు
అనూ, కజిన్ లాంటి చోట నువ్వు కట్టే టికెట్టుతోనే కాపలా నడుస్తుంది. నార్కొండం లాంటి చోట ఎవరూ వెళ్ళకపోవడమే మంచిది, అక్కడ కాపలా ఖర్చు ప్రభుత్వానిది. రెండూ ఒకటి కావు. అన్నిటికీ ఒకే రూలు పెట్టలేం.

ఓడ_ఇంజినీర్
వెళ్ళకపోతే చాలు అనుకోడానికి కూడా లేదు అను గారూ. ఆల్డాబ్రాలో ఊరే లేదు కదా, 2019లో వాలంటీర్లు ఒడ్డు శుభ్రం చేస్తే పాతిక టన్నుల చెత్త వచ్చింది. ఎక్కువ భాగం చేపల వలలు, తాళ్ళు, ఇంకా హవాయి చెప్పులు. తీయగా ఇంకా అయిదొందల టన్నుల పైనే మిగిలిందని లెక్కేశారు. ఎక్కడో ఎవడో సముద్రంలో వదిలిన చెప్పు తాబేలు నడిచే దారిలోకొచ్చింది. మా పాత ఓడల్లో కొందరు వంటగది చెత్త రాత్రుళ్ళు ఎలా పారబోసేవాళ్ళో చెప్తే మీరు నాతో మాట్లాడరు.

చిలకలూరిపేట_చలపతి
అయితే తప్పు ఓడలవాళ్ళదే. ఒప్పుకున్నాడు.

ఓడ_ఇంజినీర్
చలపతి గారూ, మీ ఊరి కాలవ ఎక్కడికి పోతుందో ఒకసారి కనుక్కోండి.

చిలకలూరిపేట_చలపతి
మా ఊరి సంగతి నీకెందుకయ్యా? తెనాలి కాలవలు అద్దాల్లా ఉన్నాయా?

నిర్వాహకుడు_2
ఊళ్ళ మీదికి పోకండి. ఇక్కడితో ఆపండి ఇద్దరూ. నాలుగు పోస్టులు తీసేశాం.

సింగ్‌నగర్_సీను
తెనాలి, పేట రెండూ కలిసి చివరికి సముద్రంలోకేగా.

మంగళగిరి_మాస్టారు
ప్రసాద్ గారూ, ప్రాలిన్ వెళ్తే వాలే ద మే అనే లోయ వదలకండి. జంట కొబ్బరికాయ కాసే తాటిజాతి చెట్లు అడవిగా ఉంటాయి. ప్రపంచంలో అంత బరువైన గింజ ఇంకోటి లేదు, పాతిక కిలోల దాకా. అది సముద్రంలో కొట్టుకుని మన తీరాలకొస్తే ఎక్కడి చెట్టుదో ఎవరికీ తెలిసేది కాదు, సముద్రం అడుగున కాస్తుందనుకునేవాళ్ళు. మన సాధువులు కొందరు ఆ చిప్పలతో కమండలాలు చేసుకునేవాళ్ళు.

వేమూరి_వెంకట్
ఒకటి తెచ్చుకోవచ్చా మాస్టారూ?

మంగళగిరి_మాస్టారు
కాగితం లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు నాయనా. కొనాలంటే ప్రభుత్వ ముద్ర, సర్టిఫికెట్ ఉన్నదే కొనాలి. ధర చూసి నువ్వే వదిలేస్తావు.

పటమట_ప్రసాద్
అయితే లెక్క ఇలా తేలింది. ఫిబ్రవరిలో రాంబాబు గారి దగ్గర రిడ్లేలు. ఆపైన డబ్బు చూసుకుని అక్టోబర్, నవంబర్‌లో కజిన్. ఆల్డాబ్రా ఇంజినీర్ గారి మబ్బుల్లోనే ఉండనీ. మా ఆవిడకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించా. తనకి పడవ అంటేనే కడుపులో తిప్పుద్ది, అమరావతి పడవలోనే వాంతి చేసుకుంది. ఏం చెయ్యాలి?

ఓడ_ఇంజినీర్
ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నిండుగా తిని కూడా ఎక్కొద్దు. రెండు ఇడ్లీ చాలు. పడవ మధ్యలో కింది అంతస్తులో కూర్చోమనండి, ముందు వైపు అస్సలు వద్దు, అక్కడే ఎక్కువ ఎగురుతుంది. కళ్ళు ఫోన్‌లో కాదు, దూరంగా నీళ్ళు ఆకాశం కలిసే గీత మీద పెట్టాలి. మాత్ర వేసుకునేదైతే డాక్టర్ని అడిగి, ఎక్కడానికి అరగంటా గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే వస్తుంది.

కొత్తపేట_కిషోర్
+1. నేను అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటా. పనిచేస్తుందో లేదో గానీ ధైర్యం.

దివిసీమ_రాంబాబు
ప్రసాద్ గారూ మా దగ్గర మొగలో కెరటం తక్కువే, ఆవిడ్ని భయపడొద్దనండి. వచ్చే ముందు వారం మెసేజ్ పెట్టండి, ఫారెస్టు ఆఫీసులో ఎవర్ని అడగాలో చెప్తా.

పటమట_ప్రసాద్
అలాగే. ఇంకో మాట, ఆవిడే అడగమంది. లక్ష్మి గారూ, కజిన్‌లో దోమలెక్కువా? ఎక్కడో చదివిందట.

లక్ష్మి_బ్రాడీపేట
చాలా. సింగ్‌నగర్ దోమలు కూడా చాలవు. అడవి నీడలో నిలబడి గైడ్ చెప్పేది వింటున్నప్పుడే పీకుతాయి, చెయ్యి విదిలిస్తే పిట్ట బెదురుతుందని ఊరుకోవాలి. ఫుల్ చేతులు, పొడుగు ప్యాంటు, ఓడోమాస్ ఒడ్డుకి రాకముందే రాసుకోండి. చీర వద్దనండి, పడవ ఎక్కేటప్పుడు తడిసి కాళ్ళకి అడ్డం పడుతుంది. నేను చీరలోనే వెళ్ళినవాళ్ళని చూశా, దిగేటప్పటికి ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది.